సర్మద్ పాత డిస్కు

బాగ్దాద్‌లో కంప్యూటర్లు బాగుచేసే సినాఆ వీధిలో దుకాణాలు పొద్దెక్కాకే తెరుస్తారు. షట్టరు ఎత్తగానే సాహిరా ముందు ఫ్యాను వేసుకునేది, తర్వాత టీ పెట్టుకునేది, ఆ తర్వాతే బల్ల మీది కంప్యూటర్ల మొహం చూసేది. చచ్చినవాటిని ఓ పక్క, చావబోయేవాటిని ఓ పక్క పెట్టడం ఆమెకు అలవాటు. ఆ రోజు ఆమె ఒక్కగానొక్క తమ్ముడు సర్మద్ తన కంప్యూటర్ని చంకలో ఇరికించుకొచ్చి, సరిగ్గా చావబోయేవాటి మధ్య దింపాడు. సాహిరాకి ఒళ్ళు మండింది.

"ఇక్కడే దొరికిందట్రా నీకు చోటు!" అంటూ తనే దాన్ని ఇటు జరిపింది.

"ఎక్కడుంటే ఏంటక్కా. ఇదిగో, కొత్త ఎస్‌ఎస్‌డి తెచ్చాను. ఆఫీసు సిస్టమ్ దీని మీదికెక్కించు. నా లైనక్స్ పాత డిస్కు మీదే ఉండనీ. ఆన్ చేయగానే ఏది కావాలో నన్నడగాలి. రేపు పాతది పోయినా కొత్తది నడవాలి."

"పాతది ఎందుకు పోతుంది?"

సర్మద్ తల గోక్కున్నాడు. "ఇబ్తిహాల్ నిద్రపోవట్లేదు. మంచం దిగి వెళ్ళి ఆ డబ్బాకి చెవి ఆనించి కూచుంటోంది. నా పెళ్ళాం నన్నొదిలేసి నా డిస్కుతో కాపురం చేస్తోందక్కా!"

సాహిరా నవ్వలేదు. ఏళ్ళ తరబడి ఒకే మనిషి చేతికింద తిరిగిన డిస్కు ఆ మనిషి గుండెతో పాటే కొట్టుకుంటుందని ఆ వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. డాక్టరు దగ్గరికి పోయేముందు డిస్కు పట్టుకుని ఆమె దగ్గరికొచ్చేవాళ్ళూ ఉన్నారు. ఆమె విని, ఉప్పు తగ్గించమనో, అల్లుడితో తగూ మానమనో చెప్పి పంపేది. ఎస్‌ఎస్‌డి లాంటి కొత్త రకానివి మాత్రం తిరగవు, చప్పుడు చేయవు. వాటికి చెవి ఆనించినా ఏమీ తెలియదు.

ఆమె కరెంటు పెట్టి, డబ్బా పక్క మూత తీసి చెవి ఆనించింది. టక్, టక్, తర్వాత ఏమీ లేదు. మళ్ళీ టక్. ఆ ఖాళీలో ఏదో గీరుకుంటున్న శబ్దం. ఆమె చెవి తీసి తమ్ముడి వైపు తిరిగింది.

"డాక్టరుకి చూపించావా?"

"ఈసీజీ గీత బానే ఉందన్నాడు. ముసలిదైంది డిస్కక్కా, నేను కాదు."

రెండు రకాల డిస్కులున్న కంప్యూటర్లో కొత్త సిస్టమ్ ఎక్కించేటప్పుడు పాతదాని తీగ పీకేయాలి. లేకపోతే యంత్రం ఎలా మొదలవ్వాలో చెప్పే ఆ కాస్త ముక్క కొత్తదాని మీద పడకుండా పాతదాని మీదే పడుతుంది. అప్పుడు పాతది లేనిదే కొత్తది కూడా లేవదు. సాహిరాకి ఇది నిద్రలో అడిగినా తెలుసు. అయితే మనిషి ఎదురుగా కూచుని ఉండగా అతని డిస్కు తీగ పీకడం ఆ వీధిలో మర్యాద కాదు. టీ తాగి రమ్మని పంపించి, వీధి మలుపు తిరిగాకే పీకుతారు.

"వెళ్ళి టీ తాగి రారా."

"ఈ ఎండలోనా? నీ టీయే ఇంత పొయ్, తాగుతాను."

రెండోసారి చెప్పినా కదల్లేదు. సాహిరాకి కూడా ఆ టక్ టక్ ఆపడానికి చెయ్యి రాలేదు. తర్వాత సరిచేద్దాంలే అనుకుని, తీగ పీకకుండానే ఎక్కించేసింది.

అంతా సాఫీగా అయిపోయింది. తెర మీద రెండు పేర్లు వచ్చి, ఏది కావాలని అడిగాయి. సర్మద్ మురిసిపోయి టీ గ్లాసు ఎత్తాడు.

"నువ్వుండగా నాకేంటక్కా, వల్లాహ్, ఇబ్తిహాల్‌తో ఇప్పుడే చెబు..."

ప్రభుత్వ కరెంటు పోయింది. డిస్కు ఆగింది. సర్మద్ మాట కూడా ఆగింది. గ్లాసు జారి ఒళ్ళో పడింది, తల బల్ల మీదికి వాలింది.

ఇంట్లో ఎన్నోసార్లు కరెంటు పోయినా అతనికేమీ కాలేదు. అన్నాళ్ళూ డిస్కు గుండె వెంట నడిచింది. ఇప్పుడు గుండె డిస్కు వెంట నడుస్తోంది. తనేం చేసిందో సాహిరాకి అర్థమైంది: ఆ మొదలయ్యే ముక్కతో పాటు తమ్ముణ్ణి కూడా పాత డిస్కుకే కట్టేసింది. దుకాణంలో కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ ఎండలకి ఉబ్బి మూలన పడుంది. ఆమె వీధిలోకి పరుగెత్తి, ఎదురుగా జనరేటరు నడిపే అబూ లైస్‌ని గొంతు చించుకుని పిలిచింది. ఆయన గబగబా తీగలు మార్చాడు. కంప్యూటర్ తనంత తానే లేచింది. పాత డిస్కు టక్‌మంది.

"...తాను," అని సర్మద్ తలెత్తాడు. "అయ్యో, ఒళ్ళంతా టీ ఏంటి?"

అబూ లైస్ గుమ్మంలో నిలబడి ఒకసారి డబ్బాని, ఒకసారి మనిషిని చూశాడు. "మొదలయ్యే ముక్క పాతదాని మీద పడిందా తల్లీ?"

"పడింది బాబాయ్. నీ కరెంటు ఆపకు."

"నేనెందుకు ఆపుతాను, డీజిలే ఆగేలా ఉంది. త్వరగా కానీ."

ఆమె కొత్తదాని మీద కాస్త చోటు చేసి, మొదలయ్యే ముక్కని అక్కడ మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. పాతదాని టక్ టక్ మధ్య ఖాళీలు సాగుతున్నాయి. వీధిలో జనరేటరు దగ్గింది. సర్మద్ మొహం పాలిపోయింది, అయినా వేళాకోళం మానలేదు.

"నేను పోతే ఆ లైనక్స్ నువ్వే వాడుకో."

"నోర్ముయ్యరా వెధవా!" అంది సాహిరా. ఆమెకి ఏడుపొచ్చింది.

రాయడం అయిపోయింది. సరిగ్గా పడిందో లేదో తెలియాలంటే పాతదాన్ని పీకి చూడాల్సిందే.

"నా ఎదురుగానే పీకుతావా?" అన్నాడతను, ఈసారి చిన్నగా.

"కళ్ళు మూసుకో."

పీకింది. టక్ టక్ ఆగింది, కంప్యూటర్ మళ్ళీ మొదలై తెర మీద కొత్త సిస్టమ్ లేచింది. సర్మద్ ఒక కన్ను తెరిచి, తర్వాత రెండోది తెరిచి, ఇంకో గ్లాసు టీ అడిగాడు. సాహిరా అతని మెడ పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. అబూ లైస్ అల్హందులిల్లాహ్ అనుకుంటూ వెళ్ళిపోయాడు.

పాత డిస్కుని బల్ల మీదే వదిలేసి, సర్మద్ కంప్యూటర్ని ఇంటికి పట్టుకెళ్ళాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇబ్తిహాల్ ఫోన్ చేసింది.

"వదినా, ఆయన పడుకున్నాడు. కంప్యూటర్లో చప్పుడే లేదు. ఉండబట్టలేక ఆయన గుండె మీదే చెవి పెట్టాను." గొంతు తగ్గించింది. "అక్కడా లేదు."

"ఊపిరి?"

"గురక పెడుతున్నాడు. ఒళ్ళు వెచ్చగానే ఉంది. లోపల మాత్రం ఏమీ వినపడట్లేదు. మరి ఆగిపోయే ముందు నాకెలా తెలుస్తుంది వదినా?"

సాహిరా బల్ల మీది పాత డిస్కుని చేతిలోకి తీసుకుంది.

"తెలీదమ్మా," అంది. "కొత్తవి చెప్పి పోవు."