రౌతులు లేని గుర్రాలు

సాయంత్రం గుర్రాల మీద ఆడే కోక్ బోరు ఆట సాధన ముగిశాక సావ్సాన్ గుర్రాల బొమ్మలు కుట్టిన కంబళిని పెరట్లో తీగ మీద వేసి ఎండుగడ్డితో తుడిచేది. మైదానంలో గుర్రాలు పరిగెత్తినంతసేపూ కంబళిలోని గుర్రాలూ పరిగెత్తేవి మరి. చెమట ఆరకుండా మడతపెడితే వాటికి జలుబు చేస్తుంది. "ఎదురుగాలికి పెట్టకే, ఇంకా ఆయాసం తీరలేదు వాటికి" అని పక్కింటి బురుల్ అవ్వ పాలు కాచుకుంటూనే హెచ్చరించేది.

సావ్సాన్ పామీరు కొండలు దాటి నారిన్ పట్టణానికి వలస వచ్చిన చిత్రకారిణి. కొత్త స్టేడియం గోడకని ఉన్ని, చిరిగిన జెర్సీలు, పాత జీను తోళ్ళు కలిపి ఈ కంబళి చేసింది. గుర్రాల మీద అందరూ జడలు ఎగురుతున్న ఆడవాళ్ళే. అందరికంటే ముందు బేగాయిమ్. జట్టు గుర్రాలను సాకేదీ, మాలిష్ చేసేదీ ఆ పిల్లే. ఆటలో గోల్‌లో వేసే తల తీసిన మేకను మాత్రం ఆమెను ముట్టుకోనివ్వరు.

జట్టు పెద్ద కుబాత్ కంబళి చూసి మొహం మాడ్చుకున్నాడు.

"వీళ్ళను తీసేసి మగవాళ్ళను పెట్టు చెల్లెమ్మా. ఆడచెయ్యి తగిలితే మేకకు దీవెన పోతుంది."

"ఆట అయ్యాక దాన్ని వండేది నీ పెళ్ళాం కాదా?"

"వంట వేరు. నిన్నగాక మొన్న వచ్చినదానివి, మా ఆట సంగతి నీకెందుకు?"

ఒక్క కుట్టు కూడా మార్చనంది సావ్సాన్. కుబాత్ గొర్రెల కత్తెర తెప్పించి, ఆడవాళ్ళందరినీ తనే కత్తిరించి, ఖాళీ జీనులతో కంబళిని గోడకు ఎక్కించాడు. సావ్సాన్ పళ్ళు బిగించి చూసింది. స్టేడియం ప్రారంభం రోజున అందరికంటే ముందు వెళ్ళి కూర్చుంది.

ఆట మొదలవగానే గోడ మీది గుర్రాలు కళ్ళేలు పట్టేవాళ్ళు లేక దిక్కుకొకటిగా పోయాయి. మైదానంలో కుబాత్ గుర్రాలూ అంతే. మగవాళ్ళను ఒక్కొక్కరినే బురదలో దించి పక్కకు పోయాయి. "రౌతుల్ని కోసేస్తే ఇంకేం చేస్తాయి" అన్నాడు పొద్దుతిరుగుడు గింజలు నములుతున్న ముసలాయన.

మైదానంలోని గుర్రాలు బేగాయిమ్‌ను తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. పట్టుకో, ఎక్కకు అని కుబాత్ అరుస్తూనే ఉన్నాడు. ఆమె ఎక్కింది. జీను మీంచి వాలి మేకను ఎత్తి, తొడ కింద బిగించి, తీసుకెళ్ళి గోల్‌లో పడేసింది.

మర్నాడు కుబాత్ కత్తిరించిన బొమ్మలు గోనెసంచిలో తెచ్చి, మళ్ళీ కుట్టమన్నాడు.

"కుట్టను. ఆ ఖాళీలు అలాగే ఉండాలి. ఎవరు కోశారని అడిగినవాళ్ళకల్లా నువ్వే చెప్పు."

అతను గోనెసంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. వారం తిరగకుండా బేగాయిమ్‌కు జెర్సీ ఇచ్చాడు. మగవాళ్ళ కొలత. ఆమె దాని చేతులు పైకి మడుచుకుని ఆటకు దిగింది.