ఛాయిస్‌లో వదిలేసిన ప్రశ్నలు

“న్యాయమూర్తుల్ని ఎవరు నియమిస్తారు?” అని అడిగాను, చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతూ. సోఫాలో కాళ్లు చాపుకుని కూర్చున్న మా ఆయన, “అది రాదులే, ఛాయిస్‌లో వదిలెయ్,” అన్నారు.

పౌరసత్వం పరీక్షకి రెండు వందల ప్రశ్నల పుస్తకం ఇచ్చారు. ఈయన కాలేజీ రోజుల అలవాటు కొద్దీ ఎర్ర పెన్నుతో అరవై టిక్కులు పెట్టి, ఇవే ఇంపార్టెంటని తేల్చేశారు. పరీక్ష ఇద్దరికీ. చదవడం మాత్రం ఆయన వంతు, చదివించడం నా వంతు. అంట్లు తోముతూ, బట్టలు మడతపెడుతూ రెండు నెలలు అడిగాను. తప్పు చెప్తే దిద్దాలి కాబట్టి జవాబులు నాకు రావాలి. టిక్కు లేనివి కూడా చదివేదాన్ని, ఊరికే, కూర ఉడికేలోపు.

“నిన్నేం అడుగుతారులే, నా ఫైల్లోనే ఉన్నావుగా,” అనేవారు. పద్దెనిమిదేళ్లుగా అంతే. ఏ కౌంటర్ దగ్గరైనా నన్నడిగినదానికి ఆయనే జవాబు. నేను పక్కన నిలబడి తలూపడం. ఆసుపత్రి లాండ్రీలో ఆరేళ్లుగా దుప్పట్లు ఉతుకుతున్నా, బ్యాంకు ఫారంలో నా ఉద్యోగం గడిలో ‘లేదు’ అని రాసేవారు. ఈ దేశంలో నేనుండటానికి ఉన్న ఒకే ఒక్క కారణం ఆయన భార్యని కావడం. నా పేరు మీద నేనుండాలని ఎంత ఆశగా ఉండేదో ఎవరికీ చెప్పలేదు.

పరీక్ష రోజు ఆఫీసరమ్మ నన్నొక్కదాన్నే పిలిచింది. ఈయన కూడా లేచి వెనకే రాబోతే, “మీరు తర్వాత,” అని తలుపు మూసింది. మొదటి ప్రశ్న అడగ్గానే అలవాటుగా పక్కకి చూశాను. ఎవరూ లేరు. ఆవిడ ఓపిగ్గా నా వంకే చూస్తోంది. నోరు తెరిచాను, ఇక ఆగితే ఒట్టు. పదికి పది. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చేస్తే ఏది ఆపుకోవాలో తెలియలేదు. గురువారం పౌరసత్వ ప్రమాణం అంటూ ఆవిడ ఓ కాగితం ముందుకి తోసింది.

ఈయనకి పదిలో ఏడు టిక్కు లేనివే పడ్డాయట. మూడు నెలలాగి రమ్మన్నారు.

కారెక్కగానే, “నీదీ వాయిదా అడుగు, కలిసే తీసుకుందాం. నలుగురూ ఏమనుకుంటారు?” అన్నారు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నవ్వు ఆగని ఆ మొహం పెట్టుకుని ఆయన్ని చూస్తే బాగోదు.

సాయంత్రం అత్తయ్య ఫోన్ చేసి, “వాడికి రానిది నీకెలా వచ్చిందే?” అంది.

“పుస్తకం నా చేతిలోనే ఉంది కదత్తయ్యా.”

“సరేలే, ప్రమాణం ఫొటో పంపు,” అంది ఆవిడ.

ఫోన్ పెట్టేసరికి ఈయన వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. “వాయిదా మాట ఏం చేశావు?”

“గురువారం వస్తానని అక్కడే సంతకం పెట్టేశానండి,” అన్నాను. “మిమ్మల్ని అడగాలని గుర్తే రాలేదు.”