పక్క టేబులుకి వెళ్లిన ఫైలు

"గీతల మాస్టారి ఫైలయిపోయిందక్కా!" అని అటెండరు అరిచాడు. పురపాలక కార్యాలయంలోని ఫ్యాన్ల రొదలో, ఇళ్ల అనుమతులు చూసే గుమాస్తాకి అది "పెళ్లయిపోయిందక్కా" అని వినబడింది. కాగితం మీద పడాల్సిన ముద్ర రెండో అరచేతి మీద పడింది.

సంగతి తేలాక ప్రాణం లేచొచ్చింది కానీ నిలవలేదు. ఫైలయింది పక్క టేబులు మీద! ఇళ్ల ప్లాన్లు గీసే ఆ మాస్టారు నాలుగేళ్లుగా ప్రతి గురువారం ఆమె కిటికీకే వచ్చేవాడు. నెల నుంచి అటే పోతున్నాడు. నలభై నాలుగేళ్ల తను గురువారం కోసం మిగతా వారమంతా ఈదుకొస్తోందని ఎవరికి తెలుసు? ఆయన గీసిన తలుపులన్నీ ఆమెకి తెలుసు. ఆయన మనసుకి తలుపెటుందో తప్ప.

ఉండబట్టలేక సూపరింటెండెంటుని అడిగేసింది. "నా పనిలో తప్పేముంది సార్?"

"మీది కాదమ్మా, రూలుది. అయినవాళ్ల ఫైలు చూడకూడదు కదా?" అంటూ ఆయన మాస్టారి దరఖాస్తుకి జతచేసిన కాగితం హాలంతా వినేలా చదివాడు. "'ఆ సీటులోని ఉద్యోగిని అంటే నాకు ఇష్టం. ఆవిడకింకా చెప్పలేదు. కనుక నా ప్లాన్లు ఆవిడ చూడటం న్యాయం కాదు.' చూశారా, కాకముందే అయినవాడైపోయాడు!"

హాలంతా ఘొల్లుమంది.

"మినహాయింపు రాయించమంటారా? ఫైళ్లు మళ్లీ మీకే వస్తాయి."

"వద్దు సార్, ఫైళ్లు అక్కడే ఉండనీండి," అందామె. "మనిషిని మాత్రం ఇటు పంపండి."