పదిహేడో పేజీలో గొడుగు

ఇది చాలా చిన్న కథ. ఎనిడ్ ఓల్డ్‌రాయిడ్ పెళ్లికి ఒప్పుకుందా లేదా, అంతే. టీ చల్లారేలోపు అయిపోతుంది. కానీ సగ్డెనమ్మ మోకాలు లేకుండా ఈ కథ నడవదు.

యార్క్‌షైర్ కొండల్లో, ఉన్ని మిల్లు పొగ కింద ఉండే క్రాగ్‌బెక్‌లో ఆ ఎడమ మోకాలిని ఎరగనివాళ్లు లేరు. సగ్డెనమ్మ వారానికి మూడు ప్రేమకథలు చదువుతుంది. ఏ పేజీలో ఆమె మోకాలు సలిపిందో, తర్వాత ఆ పుస్తకం తీసుకున్నవాళ్లకీ సరిగ్గా ఆ పేజీలోనే సలుపుతుంది. మిల్లులో ఇరవై ఏళ్ల పిల్ల కుంటుకుంటూ వస్తే "ఏ పుస్తకమే?" అంటారు గానీ "ఏమైందే?" అనరు. చేపల కొట్టు ఆల్బర్ట్ జలుబుతో చదివిన హత్య కథకు యాభై ఏడో పేజీలో ఊరంతా తుమ్మింది. చాపెల్ పాస్టరు గారు నవలలు ముట్టనంటారు. అయినా ఒక నవల నూటపదో పేజీకి వచ్చేసరికి ఎవరికైనా సరే పుస్తకాన్ని చటుక్కున దిండు కింద దాచేయాలనిపిస్తుంది. పాస్టరు గారిని ఎవరూ ఏమీ అడగలేదు.

ఈ పుస్తకాలన్నీ ఎనిడ్ పొగాకు కొట్టులోవే. గల్లాపెట్టె వెనక ఒక అలమర, అందులో ఊరికి అరువిచ్చే రెండు వందల పుస్తకాలు. అన్నిట్లోనూ ఒకటే ప్రేమ, ఒకటే హత్య కాబట్టి ఏది చదివామో ఎవరికీ గుర్తుండదు. అందుకని చదివినవాళ్లు పదిహేడో పేజీ అంచున తమ గుర్తు పెట్టుకుంటారు. సగ్డెనమ్మది శిలువ. ఆల్బర్ట్‌ది చేపముల్లు. శవపేటికలు చేసే క్లారెన్స్ హెబ్డెన్‌ది గొడుగు. కొట్టు యజమాని మాత్రం అందరి తర్వాతే చదవాలి. అది అక్కడి మర్యాద.

తండ్రి పోయాక ఎనిడ్ పంతొమ్మిదేళ్లుగా ఆ మర్యాద తప్పలేదు. ఇప్పుడామెకు నలభై ఒకటి. ఏడుపొస్తే ఎవరిదో, నవ్వొస్తే ఎవరిదో.

ఒక మంగళవారం క్లారెన్స్ వచ్చి టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"మిస్ ఓల్డ్‌రాయిడ్, నన్ను పెళ్లి చేసుకుంటారా? నా వ్యాపారానికి ఎప్పుడూ లోటుండదు."

"తెలుసండి. మా నాన్న కూడా మీ చేతి మీదుగానే వెళ్లారు."

"నేను చదువరిని కూడా. మీ అలమర మొత్తం చదివాను. ఏ పుస్తకమైనా తెరవండి, నా గొడుగు ఉంటుంది."

"చూశానండి."

"ఆదివారం చాపెల్ టీ విందులో జవాబు చెప్పండి. పెళ్లయ్యాక ఈ అలమర తీసేద్దాం. ఇక్కడ వెలుతురు బాగుంది, పేటికల పిడులు వేలాడదీస్తే కళకళలాడతాయి."

అతను వెళ్లాక ఎనిడ్ ఒక ప్రేమకథ తెరిచింది. ఎనభై ఎనిమిదో పేజీలో గుండె దడదడలాడింది. ఇదే కాబోలు నా జవాబు అనుకుంది.

మర్నాడు పొద్దున్నే సగ్డెనమ్మకు చెబితే ఆవిడ కొట్టిపారేసింది.

"ఎనభై ఎనిమిదా? అది నాదే పిల్లా. ఆ పేజీ మెట్లెక్కుతూ చదివాను."

"తొంభై ఆరులో కళ్ల నీళ్లు తిరిగాయే?"

"ఉల్లిపాయలు తరిగాను. ఇంతకీ క్లారెన్స్ అంటే నీకు ఇష్టమా, కాదా?"

"నాకెలా తెలుస్తుంది సగ్డెనమ్మా? మీరంతా చదివేశాక నాకంటూ ఏం మిగిల్చారు?"

"బాగుందమ్మా! కాళ్ల నొప్పులు పడి చదివింది మేమూ, నిష్ఠూరం మాకూనా?"

ఎనిడ్ ఆ రోజంతా గొడుగు ఉన్న పుస్తకాలు తిరగేసింది. మోకాలు సలిపింది, తుమ్ము వచ్చింది, ఒక పుస్తకాన్ని దిండు కింద దాచి కాసేపటికి తీసింది. క్లారెన్స్‌ది అనుకోదగ్గది మాత్రం ఒక్కటీ తగల్లేదు. ఇన్ని చప్పుళ్లలో అతనిది వినపడలేదేమో అనుకుంది. కాదేమో అని కూడా అనుకుంది.

గురువారం బండిలో కొత్త పుస్తకం వచ్చింది, ఇంకా ఎవరూ తెరవనిది. సగ్డెనమ్మ చెయ్యి చాపింది. ఎనిడ్ దాన్ని ఆ చేతికింద నుంచి లాగి క్లారెన్స్‌కు పంపించింది. శనివారం మధ్యాహ్నం అతను తిరిగి తెచ్చాడు.

"అద్భుతం. చివర్లో కన్నీళ్లు ఆగలేదు."

పదిహేడో పేజీలో గొడుగు ఉంది.

"ఇక నాకియ్యి" అంది సగ్డెనమ్మ.

ఎనిడ్ ఆవిణ్ణి బయటికి సాగనంపి గడియ పెట్టింది.

"మర్యాద తప్పుతున్నావే!" అని ఆవిడ కిటికీలోంచి అరిచింది. పొగాకు కోసం వచ్చినవాళ్లు తలుపు బాదారు.

ఎనిడ్ చదివింది. మోకాలు సలపలేదు. తుమ్ము రాలేదు. పుస్తకం మంచు పడ్డ పొలంలా ఉంది, ఒక్క అడుగు గుర్తూ లేదు. ముప్పయ్యో పేజీకి విషయం అర్థమైంది. క్లారెన్స్ దీన్ని చదవనే లేదు. కోపం వచ్చింది. ఈ కోపం ఎవరిదా అని అలవాటుగా పదిహేడో పేజీ తిప్పి చూసింది. గొడుగు తప్ప ఏమీ లేదు. అయితే ఆ కోపం తనదే. నలభయ్యో పేజీలో కథానాయకుడి మేనత్త టోపీ పులుసులో పడింది. ఎవరో పకపకా నవ్వారు. ఎవరా అని ఎనిడ్ కొట్టంతా కలయజూసింది. అప్పటికి తలుపు బాదేవాళ్లు కూడా వెళ్లిపోయారు.

ఆదివారం చాపెల్ హాల్లో టీ పోశారు, పంది మాంసం రొట్టెలు పంచారు. ఊరంతా మాట్లాడుతున్నట్టు నటిస్తూ చెవులు ఇటే వేసింది.

"కన్నీళ్లు ఏ పేజీలో వచ్చాయండి?" అంది ఎనిడ్.

"చివర్లో..." అన్నాడు క్లారెన్స్.

"మీరు అందులో ఒక్క పేజీ చదవలేదు."

సగ్డెనమ్మ కప్పు గాల్లోనే ఆగిపోయింది.

"పదిహేడోది చూశాను" అన్నాడతను, చెవులు ఎర్రబడి.

"ఇన్నేళ్లలో ఒక్కటైనా?"

"ఒక్కటీ లేదండి. మూడు రోజులు కిటికీలో పెట్టుకుంటాను. దారినపోయేవాళ్లకు అట్ట కనిపించేలా."

ఇక టీ అతని నెత్తిన పడుతుందని అందరూ కుర్చీలు కాస్త వెనక్కి జరుపుకున్నారు. ఎనిడ్ మాత్రం ఏదో ఆలోచించింది. ఒక ఇంటికి వెళ్లిన పుస్తకాన్ని తిరిగిచ్చేలోపు ఆ ఇంట్లోవాళ్లు ఎవరైనా చదవచ్చు. అదీ అక్కడి మర్యాదే.

"ఇక మీదటా చదవరు కదా?"

"చదవమంటే కష్టంగానీ..."

"ప్రమాణం చేస్తారా?"

"దానికేం, ఇప్పుడే చేస్తాను."

"అలమర కదలదు. పిడులు మీ షెడ్డులోనే ఉంటాయి."

"అలాగే. కానీ నాకు అర్థం కాలేదండి."

"ఫర్వాలేదు" అంది ఎనిడ్.

జూన్ మొదటి శనివారం పెళ్లయింది. కొత్త పుస్తకం ఏదొచ్చినా ముందు మూడు రోజులు హెబ్డెన్ వారింట్లో ఎనిడ్ దగ్గర ఉంటుంది, పదిహేడో పేజీలో గొడుగు వేసుకుని ఊళ్లోకి వస్తుంది. ఇప్పుడు క్రాగ్‌బెక్‌లో హత్య కథ చదివేవాళ్లంతా మూడో శవం దగ్గర పడీపడీ నవ్వుతున్నారు. ఎందుకో వాళ్లకే తెలియదు. సగ్డెనమ్మ పాస్టరు గారికి ఫిర్యాదు చేసింది. ఆయన తాను నవలలు ముట్టనన్నారు, ఆ మాటంటూనే నవ్వారు.

క్లారెన్స్ మాట తప్పలేదు. ఇంతవరకు ఒక్క పుస్తకమూ చదవలేదు.