పెదనాన్న పతకం మీద గుండ్రాయి

మా పెదనాన్నకి కెమెరా అంటే ఒళ్లుమంట. రాళ్ల మీద పరిశోధన చేసినన్నాళ్లూ ప్రతి రాయికీ ఫోటో తీయించాడు గానీ, తను ఒక్కటీ దిగినట్టు మేమెరగం. ఆయన పోయాక పెద్దమ్మకి అదే బెంగ పట్టుకుంది. "ముక్కు గుర్తుందిరా, కళ్లు గుర్తున్నాయి. కలిపి చూసుకుందామంటే మనిషి రావట్లేదు" అనేది. అందుకే భూగర్భ శాస్త్ర పరిషత్తు వాళ్లు ఆయన పేర స్మారక పతకం పెడుతున్నారని, దాని మీద ఆయన ముఖం చెక్కిస్తున్నారని తెలియగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

మొదటి పతకం ఒక పరిశోధకురాలికి. ఇవ్వాల్సింది పెద్దమ్మ. నేను చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించాను. కార్యదర్శి పెట్టె మూత తీశాడు. పెద్దమ్మ కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది.

"ఇదెవర్రా?"

నేనూ చూశాను. పొట్టి మెడ, కలిసిపోయిన కనుబొమలు. తలెత్తితే అదే మెడ, అవే కనుబొమలు అధ్యక్షుడి కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగుతున్నాయి. గుండ్రాయి! ఆ పేరు పెట్టింది పెదనాన్నే. ఏదో కొండ వయసు దగ్గర మాటామాటా పెరిగి, చచ్చేదాకా ఇద్దరికీ పలకరింపుల్లేవు.

"ఏమండీ, పోయింది మా ఆయనైతే మీ ముఖం పెట్టారేమిటి?" మైకు పక్కనే ఉంది. హాలంతా వినపడింది.

అధ్యక్షుడు పతకం అందుకున్నాడు. చేతిలో గ్లాసు జారి భళ్లుమంది. "నేనింకా ఉన్నానమ్మా" అన్నాడు.

కార్యదర్శి పరిగెత్తి, పతకానికి నమూనాగా వాడిన ఫోటో తెచ్చాడు. అధ్యక్షుడు ఇచ్చిందేనట. మధ్యలో మోకాలెత్తు బండరాయి, దానికి చెరోపక్కా ఒక కుర్రాడు. "ఎడంవైపు ఉన్నాయన అని చెప్పాను కదయ్యా!" అన్నాడు అధ్యక్షుడు.

పతకం చేసినాయన వెనక వరసలోంచి లేచాడు. "పతకం పోసే అచ్చు తిరగేసి చెక్కాలండీ. అందుకని ఫోటో తిరగేసి గీసుకున్నా. అందులోనే ఎడంవైపు చూశాను..."

పెద్దమ్మ అదేమీ వినడం లేదు. ఫోటో లాక్కుంది. అందులో పెదనాన్న, గుండ్రాయి భుజం మీద చెయ్యేసి, తల వెనక్కి వాల్చి, పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు.

పెద్దమ్మ ఫోటో కళ్లజోడు దగ్గరికి తెచ్చుకుంది.

"ఈ నవ్వు నేనెప్పుడూ చూళ్లేదురా" అంది. "ఇంత కాపురం చేశాను. ఒక్కసారీ చూళ్లేదు."

అధ్యక్షుడి కుర్చీ దాకా వెళ్లి ఫోటో ఆయన ముందు పెట్టింది.

"అన్నయ్యగారూ, ఏమన్నారు అప్పుడు? దేనికి ఇంతలా నవ్వారీయన?"

గుండ్రాయి చాలాసేపు చూశాడు. ఫోటో వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. ఆ ముక్క చెప్పగలిగిన మనిషి లోకంలో ఆయనొక్కడే.

"గుర్తులేదమ్మా" అన్నాడు చివరికి. "ఒట్టు, గుర్తు రావట్లేదు."

పతకం అందుకోవాల్సినావిడ చాచిన చేతులు చాచినట్టే నిలబడి ఉంది.