తొమ్మిది గోళ్ళు తెల్లబడ్డాయి

"ఆ తొట్టి అంచు మీద నిలబడకురా, కాలు జారితే మరిగే రంగులో పడతావు" అనేది తల్లి, కొడుకు క్యారేజీ చేతికి తీసుకోకముందే. అంతటితో ఆగేదా? కరెంటు తీగ తగులుతుందని, ఆవిరి గొట్టం పేలుతుందని, దారిలో లారీ గుద్దేస్తుందని గుమ్మందాకా వరస పెట్టేది.

"ఇవాళ్టికి నన్ను ఎన్నిసార్లు చంపావే అమ్మా?" అని నవ్వుకుంటూ వెళ్ళేవాడు కొడుకు.

కొడుకు పనిచేసే అద్దకం షెడ్డులో పనివాళ్ళందరి పాదాలదీ ఒకటే రంగు, నలుపు. తొట్టిలోంచి తీసిన నూలు కట్టల్ని చల్లారాక నేల మీద పరిచి, నీళ్ళు ఓడేదాకా ఉత్తకాళ్ళతో తొక్కుతారు. ఆ నలుపు గోళ్ళ సందుల్లోకి దిగి కూర్చుంటుంది. తల్లి మామగారివీ, భర్తవీ చివరిదాకా అవే పాదాలు. అందుకే కొడుకు కుడికాలి బొటనవేలి గోట్లో నల్లచార కనబడినప్పుడు, తుమ్మితే క్షయ అనుకునే ఆ మనిషి దానికి మాత్రం భయపడలేదు. బ్లీచింగు నీళ్ళలో కాలు నానబెట్టించి, పాత బ్రష్షుతో తోమింది. పోకపోతే, షెడ్డులో రంగు మంచిదే వేస్తున్నారని మెచ్చుకుంది కూడా.

తర్వాత షెడ్డులో బాయిలరు చెడిపోయింది. కొత్తది వచ్చేదాకా పని లేదన్నారు. కొడుకు ఒక గోదాములో మూటలు మోయడానికి కుదిరాడు. అక్కడ బూట్లు వేసుకోవాలి. నెలలు గడిచాయి. ఒక సెలవునాటి మధ్యాహ్నం అతను నిద్రపోతుంటే, పక్కన బట్టలు మడతపెడుతున్న తల్లి చూపు దుప్పటి బయట ఉన్న పాదాల మీద పడింది.

తొమ్మిది గోళ్ళు తెల్లబడ్డాయి. పదోది ఇంకా నల్లబడింది. చార వెడల్పై, గోరు దాటి చర్మం మీదికి పాకింది.

లేపి చూపిస్తే, మూట పడి రక్తం గడ్డకట్టి ఉంటుందిలే అని అటు తిరిగి పడుకున్నాడు. కోడలు కూడా, అత్తయ్యకు వారానికో జబ్బు కనిపెట్టకపోతే తోచదని నవ్వేసింది. తల్లి వాదించలేదు. మర్నాడు పొద్దున క్యారేజీ చేతికిచ్చి ఊరుకుంది. జాగ్రత్తన్న మాటైనా లేదు. సందు చివరిదాకా వెళ్ళిన కొడుకు వెనక్కి తిరిగి వచ్చాడు.

"ఏ ఆసుపత్రికి వెళ్దామంటావ్?" అన్నాడు.

చర్మాల డాక్టరమ్మ దీపమున్న భూతద్దం పెట్టి ఆ గోరును చాలాసేపు చూసింది. తర్వాత అతన్ని పడుకోబెట్టి గజ్జల్లో నొక్కింది. అక్కడో గడ్డ తగిలింది. నొప్పి లేదని అతను ఇంతకాలం పట్టించుకోలేదు. గోరు కింద చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చాక ముగ్గురినీ కూర్చోబెట్టి, ఆమె దాచకుండా చెప్పింది. అది రంగు కాదు. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సరు. వేలు మొదలుకంటా తీసెయ్యాలి. గజ్జల్లో గడ్డను కూడా తీసి పరీక్షించాలి. అందులోకీ పాకి ఉంటే ఆ తర్వాత చాలాకాలం మందులు వాడాల్సి వస్తుంది.

"నేను తోమినందుకు వచ్చిందా అమ్మా?" అంది తల్లి.

"తోమితే రాదమ్మా. రంగే కదా అనుకోవడం వల్ల ఆలస్యమైంది."

కొడుకు అడిగాడు: "తీయించుకుంటే బతుకుతానా?"

"తీయకపోతే కష్టం. తీశాక సంగతి ఆ గడ్డను బట్టి ఉంటుంది. ఆలోచించుకుని సాయంత్రంలోగా చెప్పండి."

వరండాలో బల్ల మీద కూర్చున్నారు. కోడలు గోడవైపు తిరిగి కొంగుతో మొహం కప్పుకుంది. మత్తు ఎక్కువైతే, నెత్తురు ఆగకపోతే, లేచి నడవలేకపోతే అంటూ తల్లి నోటిదాకా వచ్చినవన్నీ గొంతులోనే మింగింది.

"డాక్టరమ్మకు ఏం చెప్పమంటావురా?" అని మాత్రం అడిగింది.

మందుల బండి ఒకటి చక్రాలు కీచుమంటూ వెళ్ళింది. ఎండ బల్ల మీంచి జారి నేల మీదికి, అక్కణ్ణుంచి ఎదుటి గోడ మీదికి ఎక్కింది. అతను చెప్పు విప్పి, కట్టు కట్టిన వేలును తల వంచి చూస్తూ ఉండిపోయాడు. తల్లి మళ్ళీ అడగలేదు. లోపల డాక్టరమ్మ గది తలుపు తెరిచి, సంచి భుజాన తగిలించుకుంటోంది.

"తీసెయ్యమను" అన్నాడు కొడుకు. "గడ్డ సంగతి మాత్రం ముందు నాతోనే చెప్పమను. నీకు నేను చెప్తాను."