పంక్తి విడిచి పంక్తి

సాయంత్రం బడి పంతులమ్మకు తన పద్ధతుల మీద ఉన్నంత మక్కువ మరి దేనిమీదా లేదు. పొట్ట చేతపట్టుకుని ఈ ఊరొచ్చి, ఇక్కడి భాషలో ఒక్క ముక్క చదవలేని పెద్దవాళ్ళే ఆమె విద్యార్థులు. వాళ్ళను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, ఒక పంక్తి ఒకరు, తర్వాతి పంక్తి రెండోవారు చదవాలనేది. తమ వంతు కోసం కాచుకున్నవాళ్ళు పక్కవాళ్ళ పంక్తిమీదా కన్నేసి ఉంచుతారని ఆమె లెక్క. ఒకే దెబ్బకు రెండు పిట్టలు.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేసే భార్యాభర్తలు ఒక జత. ఆమెను బడంతా ఇస్త్రీ అక్క అనేవారు. ఆమె అక్క కాబట్టి ఆయన అందరికీ బావగారు.

"ఇంట్లో నోరు విప్పే వంతే రాదు నాకు. ఇక్కడైతే పంతులమ్మ ఇప్పిస్తుంది" అనేవాడు బావగారు. అక్క మూతి ముడుచుకుని తన పంక్తి గడగడా చదివేసి, ఆయన కూడబలుక్కుంటుంటే పక్కనుంచి వేలు జరుపుతూ ఉండేది.

వానలు మొదలైన రోజుల్లో జ్వరమని పడుకున్న బావగారు మళ్ళీ లేవలేదు.

కొన్నాళ్ళకు అక్క బడికొచ్చింది. రాక తప్పలేదు. ఇస్త్రీ యంత్రాల పక్కన గోడకు అంటించే జాగ్రత్తల కాగితం చదవగలిగినవాళ్ళే పనిలో ఉంటారని మేస్త్రీ తేల్చేశాడు. సోమవారం అతని ముందు చదివి వినిపించాలి. ఒంటరి మనిషికి ఆ పని పోతే అద్దెగదీ పోయినట్టే.

ఆ కాగితం మొగుడూ పెళ్ళాలు కలిసి సాధన చేసిందే. పంతులమ్మ దాన్ని ముందు పెట్టింది. అక్క మొదటి పంక్తి చదివింది. రెండోదాని దగ్గర ఆగింది. కాసేపు ఊరుకుని మూడోది చదివింది. నాలుగోదాని దగ్గర మళ్ళీ మౌనం.

పంతులమ్మ తాను చదివి వెంట అనమంది. పంక్తులు కత్తిరించి విడివిడిగా ఇచ్చింది. యంత్రం బొమ్మ గీసి చూపించింది. తలప్రాణం తోకకొచ్చింది గాని అక్క ఆ పంక్తులకు పెదవి కదపలేదు. తన గొప్ప పద్ధతే ఈమెకు సగం చదువు చెప్పి నోటికాడి కూడు తీస్తోందని పంతులమ్మ కుమిలిపోయింది.

చివరికి వెళ్ళి బావగారి కుర్చీలో కూర్చుంది. "సరే అక్కా, ఆ పంక్తులు నేను చదువుతాను. వింటూంటే నీకే వచ్చేస్తాయి."

రెండో పంక్తి సగం చదివిందో లేదో, అక్క కాగితం మీద అరచెయ్యి కప్పేసింది.

"వద్దు పంతులమ్మా. అవి ఆయనవి."

"నీకు రాకపోతే ఎలా మరి?"

"నాకొచ్చు. ముందునుంచీ వచ్చు. ఆయన తడబడితే అందించింది ఎవరనుకున్నారు? నేను చదివేస్తే ఇంక ఈ గదిలో ఆయనకి వంతుండదు కదా. అందుకే ఆగుతున్నా."

 పంతులమ్మ బావగారి కుర్చీలోంచి లేచి, "మరి సోమవారం?" అని మాత్రం అంది.

 అక్క కాగితం మీంచి చెయ్యి తీసి, కళ్ళు తుడుచుకుని, మొదటినుంచీ అందుకుంది. మొదటి పంక్తి, రెండోది, మూడోది. ఒక్క తప్పూ దొర్లలేదు. ఇలాంటి చదువు కోసమే పంతులమ్మ ఇన్నాళ్ళూ పాటుపడింది. ఇప్పుడు మాత్రం ఒక్క పంక్తి దగ్గరైనా ఆగితే బాగుండునని ఆమె ప్రాణం కొట్టుకుంది.

అక్క ఎక్కడా ఆగలేదు.